పాలకు మిషనొచ్చింది, పెండకు మన చేతులేనా?

పాతబస్తీ గల్లీల్లో ఊరంతా నిద్రపోతున్నప్పుడే బర్రెల తబేలాలు మేల్కొంటయి. పాలు పిండేటోడు పొదుగు కడిగి, దూడను వదిలి, బర్రె చేపేదాకా ఆగి పిండుతడు. పది బర్రెలు పిండేసరికి బొటనవేళ్లు కొయ్యబారుతయి. ఇప్పుడు కొన్ని తబేలాల్లో పాలు పిండే మిషన్లు దిగినయి. చన్లకు రబ్బరు గొట్టాలు తగిలిస్తే మోటారు గాలి లాగుతది, పాలు క్యానులో పడతయి. ఇగ కూలోళ్లతో పని లేదని ఓనర్లు మురుస్తున్నరు.

మేం మిషన్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. చేత్తో పిండిన పాలే అమృతం అనేటోళ్లు ఎన్నడూ పొదుగు కింద కూర్చున్నోళ్లు కాదు! గాంధీ, కాంగ్రెస్‌ల మీద 1945లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ ఈ సంగతి తేల్చిండు. యంత్రం లేకుంటే కష్టజీవికి తీరిక లేదు, తీరిక లేకుంటే పశువు బతుకే. తప్పల్లా యంత్రం లాభాన్ని కొద్దిమంది మింగే సమాజానిది. మార్చాల్సింది దాన్ని.

నెదర్లాండ్స్‌లో 1992లోనే మనిషి చెయ్యి పడకుండా ఆవును పిండే రోబో వచ్చింది. మన తబేలాలకొచ్చింది ఆ రోబో కాదు. పైగా మన బర్రె చన్ను మొన గట్టిది, ఆవుకన్నా ఆలస్యంగా చేపుతది. కొత్త చప్పుడుకు బెదిరితే పాలు ఎగచేపుతది. దాన్ని నిమరాలన్నా, గొట్టం వేళకు తీయాలన్నా పని ఎరిగిన మనిషి కావాలె. గొట్టాలు శుభ్రంగా కడగకుంటే పొదుగువాపు వస్తది. మరి ఆ నేర్పుకు విలువేది? మేం చూసిన ఒక తబేలాలో నలుగురు పిండే చోట ఇద్దరే మిగిలిండ్రు. పని పెరిగింది, కూలి పెరగలేదు.

అసలు ప్రశ్న ఇది: మిషన్ పొదుగు దగ్గరే ఎందుకు ఆగింది? పెండ ఎత్తేదెవరు? మూసీ మురుగునీళ్లతో పారించిన గడ్డిమళ్లల్లో దిగి, కాళ్లకు దురదలు, పుండ్లు తెచ్చుకుని గడ్డి కోసేదెవరు? పెండ గోకే యంత్రాలు, గడ్డి కోసే యంత్రాలు లోకంలో ఎప్పటినుంచో ఉన్నయి. మన చేతులు చవకగా దొరికినన్నాళ్లు వాటినెవరూ కొనరు!

ఈ దేశంలో బర్రెకున్న విలువ మనకు లేదన్న సంగతి కొత్తది కాదు. తాగే చెరువు నీళ్లల్లో బర్రెల కుడితి కలపొద్దన్నందుకు మొదలైన గొడవతోనే 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిండ్రు. మనం కొట్లాడకుండా మిషనొక్కటే న్యాయం తెస్తదా?

అందుకే మా మాట: మిషన్లకిచ్చే సబ్సిడీ, అప్పు పాలు పిండేటోళ్ల సంఘాలకు, బర్రెలు మేపే దళిత మహిళల సంఘాలకు ముందు దక్కాలె. నడిపేటోళ్లకు శిక్షణ, పెంచిన కూలి ఇవ్వాలె. పెండకూ మురుగుకూ యంత్రం ముందు రావాలె.

రేపు మీ ఊళ్లో మిషన్ దిగినరోజు దండ వేయకండి, రాయి వేయకండి. దగ్గరికి పోయి ఒక్కటే అడగండి: ఇది ఎవరిది?