పలకల గుట్ట మీద బొమ్మకారు

ఒంగోలు జాతి ఎడ్లతో బండ లాగించే పోటీని ఎవరూ పిల్లకాయల ఆట అనరు. తిరనాళ్ళలో వందలమంది ఎండలో నిలబడి చూస్తారు. ఏ ఎద్దుని ఏ పక్క కట్టాలి, ఏం మేపాలి, పోటీకి ఎన్నిరోజుల ముందు పని తగ్గించాలి, ఇదంతా ఒక విద్య అని మన జిల్లాలో అందరూ ఒప్పుకుంటారు. ఆ బండ లాగితే ఎవరి పొలం దున్నినట్టు, ఎవరింటికి నీళ్ళొచ్చినట్టు అని ఎవరూ అడగరు. అడగకూడదు కూడా. అదే మార్కాపురంలో ఒక కుర్రాడు మూరెడు పొడవు, జానెడు ఎత్తు ఉన్న రిమోటు బండిని చంకన పెట్టుకుని రాళ్ళగుట్ట వైపు పోతే మాత్రం, "ఏందబ్బాయ్, ఇంజనీరింగ్ చదివింది ఇందుకా?" అంటారు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న అడిగేవాళ్ళ మీద. కానీ వాళ్ళ మీద మాత్రమే కాదు. ఆ బండి కోసం డబ్బు నీళ్ళలా పోసి, పెట్టె విప్పి, మెరిసే ఇత్తడి భాగాల ఫొటో పెట్టి, రాయి ఎక్కించకుండానే ఇంకో భాగం ఆర్డరు పెట్టేవాళ్ళ మీద కూడా. ఇద్దరూ ఒక్క చోటే పొరబడుతున్నారు. ఇద్దరూ దాన్ని వస్తువనుకుంటున్నారు. ఒకరికి అది చౌకబారు వస్తువు, ఇంకొకరికి ఖరీదైన వస్తువు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. దీన్ని రాక్ క్రాలర్ అంటారు. మామూలు రిమోటు కారు వేగం కోసం. ఇది నిదానం కోసం. పోటీలో రాళ్ళ మీద గేట్లు పాతి దారి పెడతారు. అమెరికాలో యూఎస్‌ఆర్‌సీసీఏ నియమాల ప్రకారం తక్కువ పాయింట్లొచ్చినవాడు గెలిచినట్టు. బండిని వెనక్కి నడిపితే ఒక పాయింటు, గేటుకి తగిలితే పది. అంటే తప్పులకి పాయింట్లు పడతాయి. ఈ ఆటకి కంపెనీలు తర్వాత వచ్చాయి, ముందు వచ్చింది మనుషుల చేతిపని. జపాన్ టమియా కంపెనీ 1987లో క్లాడ్ బస్టర్ అనే బండి తెచ్చింది. పెద్ద పెద్ద చక్రాల మాన్‌స్టర్ ట్రక్కు అది, ముందు యాక్సిల్‌కి ఒక మోటారు, వెనక యాక్సిల్‌కి ఒకటి. రాళ్ళెక్కడానికి చేసింది కాదు. అమెరికా కుర్రాళ్ళు దాన్ని విప్పేసి, యాక్సిళ్ళు మాత్రం ఉంచుకుని, మధ్యలో సొంత చట్రం కట్టి రాళ్ళ మీదికి తోలారు. యాక్సియల్ లాంటి కంపెనీల క్రాలర్ కిట్లు ఆ తర్వాత వచ్చినవే. ట్రాక్సస్ వాళ్ళ టీఆర్‌ఎక్స్-4 వచ్చింది 2017లో. ఇప్పుడు కొనేవాళ్ళు ఈ వరసని తలకిందులుగా చదువుతున్నారు, కిట్టు ముందు, ఆట తర్వాత అన్నట్టు.

ఇక అసలు సంగతి. కొన్న బండి మార్కాపురంలో ఎందుకు నడవదు?

ఈ బండి ఓడిపోయే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి జారడం, రెండోది వెనక్కి పల్టీ కొట్టడం. ఎత్తు ఎక్కేకొద్దీ బరువు వెనక చక్రాల మీదికి పోతుంది. ముందు చక్రాలు తేలిపోతాయి. అందుకే బాటరీని ముందుకు జరుపుతారు, ముందు యాక్సిల్‌కి ఇత్తడి తొడుగులు వేస్తారు, మొత్తం బరువులో అరవై శాతం దాకా ముందు ఉండేట్టు చూస్తారు. మామూలు కార్లలో చక్రాల దగ్గర బరువు శత్రువు. ఇక్కడ అదే మిత్రుడు, ఎందుకంటే అది నేలకి దగ్గరగా ఉంటుంది. అయితే ముందు బరువు మరీ ఎక్కువైతే దిగేటప్పుడు ముక్కు మీద పడుతుంది. అంతర్జాలంలో దొరికే సలహాల్లో సగం ఈ ఇత్తడి గురించే. అమ్మకానికి దొరికేది కూడా అదే కాబట్టి.

ఏది ముందు జరుగుతుంది, జారడమా, పల్టీయా? అది రాయి చెప్పాలి. అమెరికాలో మోయాబ్ ఇసుకరాయి టైరుని గట్టిగా పట్టుకుంటుంది. గోడలాంటి వాలు మీద కూడా జారదు, కాబట్టి అక్కడ బండి పల్టీయే కొడుతుంది. అక్కడివాళ్ళు ఇత్తడి వేసుకోవడంలో న్యాయం ఉంది. మార్కాపురం రాయి పలకరాయి. ఒకప్పుడు బడిపిల్లల చంకలో ఉన్న పలక, ఇప్పుడు గోడలకీ నేలకీ అతికించే బిళ్ళ, రెండూ అదే. పొరలు పొరలుగా విడిపోవడం దాని గుణం. గనుల పక్కన పోసిన వ్యర్థాల గుట్ట మీద చక్రం పెట్టి ఒక్కసారిగా తిప్పి చూడండి. చక్రం కింది పలక చీట్లపేకలో ముక్కలా వెనక్కి జారిపోతుంది, బండి ఉన్నచోటే ఉంటుంది. పైన సన్నటి దుమ్ము, ముఖానికి రాసుకునే పౌడరులా. మెత్తటి రబ్బరు టైరుకి అది అంటుకుంటే ఇక పట్టు లేదు. ఇక్కడ బండి పల్టీ కొట్టేంత వాలు దాకా అసలు పోదు, దానికి చాలా ముందే జారుతుంది. అలాంటి చోట వేలకి వేలు పోసి ఇత్తడి కొన్నవాడు తనకి లేని జబ్బుకి మందు మింగుతున్నాడు.

పలకరాయికి కావాల్సింది వేరు. మోటారు మొదటి కదలిక మెత్తగా ఉండాలి. పాతరకం బ్రష్డు మోటారైతే చుట్లు ఎక్కువ ఉన్నది, 45 చుట్లు, 55 చుట్లు. వేగం పోతుంది, పోనివ్వండి. టైర్లలో గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది. ఆ స్పాంజి బయట మెత్తగా, లోపల గట్టిగా రెండు పొరలుగా ఉండాలి. మొత్తం మెత్తనైతే పక్కవాలు మీద టైరు మడతపడి బండి దొర్లుతుంది. మొత్తం గట్టిదైతే పలక అంచుని పట్టుకోదు, రబ్బరే కోసుకుపోతుంది. ముందు చక్రాలు వెనక వాటికన్నా కొంచెం ఎక్కువ తిరిగేట్టు గేర్లు మారిస్తే, దాన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు, ముందు భాగం బండిని లాగుతుంది. గట్టి పట్టున్న రాయి మీద ఇది బాగా పనిచేస్తుంది. వదులు పలకల మీద అతిగా పెడితే ముందు చక్రాలే పలకలు తవ్వుకుంటూ కూర్చుంటాయి. ఎంత పెట్టాలో పుస్తకం చెప్పదు, గుట్ట చెబుతుంది.

ఇంకో చిత్రం ఏమిటంటే, మన దగ్గర ఒక్క రాయి లేదు. భూగర్భశాస్త్రంలో ఈ ప్రాంతపు పలకరాళ్ళ పొరకి కంభం పేరే పెట్టారు. అదే నల్లమలై వర్గంలో బైరేనుకొండ క్వార్ట్‌జైట్ అని ఇంకో పొర ఉంది. క్వార్ట్‌జైట్ విడిపోదు, గరుకు, ఉక్కులాంటి గట్టి. దాని మీద టైరు పట్టుకుంటుంది కాబట్టి అక్కడ మళ్ళీ పల్టీ భయం, మళ్ళీ బరువు లెక్క. పట్టు పెరిగేసరికి ఇంకో రోగం కూడా బయటపడుతుంది. మోటారు బలానికి చట్రం ఒక పక్కకి మెలిపడి, ముందు చక్రం ఒకటి గాల్లోకి లేస్తుంది. పలకల మీద ఈ మెలి కనపడనే కనపడదు. ఒకే బండి, ఒకే తాలూకా, రెండు రకాల శ్రుతి. సితారుకి మెట్లున్నట్టు ఈ బండికీ ఉన్నాయి, రాగం మారితే సర్దుకోవాలి. (నల్లమల అడవిలోకి మాత్రం బండి తీసుకుపోవద్దు. అది పులుల అభయారణ్యం. మన ఆటకి దానితో పనిలేదు, ఊళ్ళ పక్కన రాళ్ళు చాలు.)

ఈ విషయాలు మన దగ్గర ఎవరికీ తెలియవనుకోవడం ఇంకో పొరపాటు. గిద్దలూరు నుంచి నంద్యాలకి నల్లమల ఘాటు మీదుగా లోడు లారీ తోలిన డ్రైవరుకి నిదానం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే ఏమవుతుందో, గేరులో ఉంచి ఇంజనుతోనే బండిని ఎలా ఆపుకోవాలో ఆయనకి తెలుసు. క్రాలర్‌లో దానికే డ్రాగ్ బ్రేక్ అని పేరు, ఆక్సిలరేటరు వదలగానే మోటారే చక్రాలని పట్టేస్తుంది. పలకరాయిని చూసి ఎక్కడ ఉలి పెడితే ఎటు విడిపోతుందో చెప్పే పనివాడున్నాడు. ఏ పలక కాలి కింద జారుతుందో, ఏది నిలుస్తుందో అంతకన్నా బాగా ఎవరు చెబుతారు? వాళ్ళ జ్ఞానం ఒక పక్క, కాలేజీ కుర్రాడి సర్క్యూటు ఒక పక్క. రెండూ కలిసే చోటు మన చదువులో లేదు.

చదువు అన్నాను కాబట్టి చెబుతాను. "ఇంజనీరింగ్ చదివింది ఇందుకా" అన్నవాళ్ళకి నా ఎదురు ప్రశ్న: చదివింది మరెందుకు? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు హైదరాబాద్ అమీర్‌పేటలో కొనుక్కోవచ్చని తెలియని విద్యార్థి రెండు రాష్ట్రాల్లో ఉన్నాడా? రిపోర్టు, బోర్డు, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు, అన్నీ ఒకే సంచిలో. కొన్నవాడికీ తెలుసు, మార్కులేసినవాళ్ళకీ తెలుసు, ఫీజు కట్టిన తండ్రికి మాత్రం తెలియదు. ఆ ప్రాజెక్టుని ఎవరూ బొమ్మ అనరు, ఎందుకంటే దానికి అట్టపెట్టిన బైండింగు ఉంటుంది. క్రాలర్‌ని కొనుక్కొచ్చినా గుట్ట మీద నెగ్గించలేం. గుట్ట ముందు వైవా చెల్లదు.

ప్రభుత్వం కూడా దీన్ని బొమ్మల ఖాతాలోనే వేసింది. దిగుమతయ్యే బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. చౌక చైనా బొమ్మల నుంచి మన బొమ్మల పనివాళ్ళని కాపాడటానికని చెప్పారు. ఏటికొప్పాక లక్కబొమ్మ బతకాలి, కొండపల్లి బొమ్మ బతకాలి, దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ గేరు పళ్ళూ బేరింగులూ ఉన్న యంత్రానికీ, కీ ఇస్తే తాళాలు కొట్టే కోతికీ ఒకే గాటన సుంకం కట్టిస్తే, ఏది విద్యో ఏది వినోదమో రాజ్యానికి కూడా తెలియదనుకోవాలి. పైగా ఈ సుంకం వల్ల ఆగేది కొనేవాడు కాదు. బెంగళూరులో జీతమున్నవాడు ఎలాగూ కొంటాడు. ఆగేది మార్కాపురం కుర్రాడు.

ఇక్కడ ఒక మాట వస్తుంది, అది తేలిగ్గా తీసేసే మాట కాదు. పశ్చిమ ప్రకాశం కరువు నేల. నీళ్ళలో ఫ్లోరైడు, బతుకుతెరువుకి వలస. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు, నిదానం విషయంలో మన ప్రభుత్వాలు ఏ క్రాలర్‌కీ తీసిపోవు. ఇలాంటి చోట రిమోటు బళ్ళ గురించి వాదించడం సిగ్గు కాదా అని అడిగేవాళ్ళుంటారు. సిగ్గు లేదు. కరువు నేల పిల్లలకి కంప్యూటరు కోర్సూ, కానిస్టేబులు పరీక్షా తప్ప ఇంకేదీ దక్కకూడదన్న నియమం ఎవరు పెట్టారు? బండలాగుడూ ఈ కరువు నేల మీదే సాగుతోంది కదా.

డబ్బు సంగతి. 1:10 సైజు పోటీ కిట్టు అందుకోలేనంత ధర, ఒప్పుకుంటాను. కానీ డబ్ల్యూపీఎల్ లాంటి కంపెనీలు చేసే 1:16 చిన్న బళ్ళు మామూలు సెల్‌ఫోను కన్నా చౌకగా దొరుకుతాయి. అది చెత్తబండి. చెత్తబండి కావడమే దాని గొప్పతనం, ఎందుకంటే దాన్ని బాగుచేయక తప్పదు. ఇత్తడి బదులు కార్ల టైర్లు బాలెన్సింగ్ చేసే చోట దొరికే అతికించే బిళ్ళలు పెట్టొచ్చు. సీసపువైతే ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, అంతే. స్పాంజి పరుపుల కొట్లో ముక్కలుగా దొరుకుతుంది. యాక్సిల్‌ని చట్రానికి కలిపే కడ్డీలు థ్రెడ్ రాడ్డు మీద అల్యూమినియం గొట్టం తొడిగి లేతు పనివాడి దగ్గర చేయించుకోవచ్చు. బరువు ఎటు ఎంతుందో చూడటానికి వంటింటి తూకం చాలు. ముందు చక్రాలు తూకం మీద, వెనక చక్రాలు అంతే ఎత్తున్న పుస్తకాల మీద. నా అనుభవంలో ఈ ఆటకి అన్నిటికన్నా అవసరమైన పనిముట్టు పది రూపాయల నోటుబుక్కు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాయాలి, అదే రాయి మళ్ళీ ఎక్కించి చూడాలి. రెండు మార్పులు ఒకేసారి చేసి బండి ఎక్కితే, దేనివల్ల ఎక్కిందో బ్రహ్మకి కూడా తెలియదు.

కాబట్టి నేను అడిగేది చాలా చిన్నది. ఈ పక్క ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల్లో ఒక్కటైనా, ఒక్క ఏడాదైనా, కొన్న ప్రాజెక్టుల బదులు మెకానికల్ పిల్లలని నలుగురు నలుగురుగా విడగొట్టి తలా ఒక చెత్తబండి ఇవ్వాలి. ఆరు నెలలు. పరీక్ష పలకల గుట్ట మీద, పది గేట్లు. గని గుంతల అంచుకి దూరంగా, యజమాని అనుమతితో, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఎందుకంటే ఆ దుమ్ము పీల్చేది కాదు. దారి గీసే పని లెక్చరర్లకి ఇవ్వొద్దు. పలక కొట్టే పనివాడొకరు, ఘాటు మీద లారీ తోలినాయన ఒకరు కూర్చుని గీయాలి, వాళ్ళకి గౌరవ పారితోషికం ఇవ్వాలి. మార్కుల్లో సగం గుట్టకి, సగం నోటుబుక్కుకి. బిల్లులు చూపించి మార్కులు అడిగినవాడికి సున్నా.

పోటీ పొద్దున్నే పెట్టాలి. పది దాటితే మన ఎండకి రాయి పెనంలా కాలుతుంది, రబ్బరు గుణం మారుతుంది, పొద్దున ఆరింటికి దిగినవాడి లెక్క పదింటికి దిగినవాడికి పనికిరాదు.