కాలువ చివరి మడి

మా వసారాలో ఈ వేసవి సెలవులంతా హాకీ లీగు నడిచింది. నవ్వకండి. వసారా పొడవు పన్నెండడుగులు. అందులో సగం మా ఆవిడ అప్పడాలు ఒత్తుకునే చోటు. అయినా నడిచింది. కర్రలూ బంతీ అక్కరలేదు. రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి, పాచికలు రెండు, పిల్లలు ఆరుగురు. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం పిల్లల్ని నీడపట్టున కూర్చోబెట్టడానికి ఇంతకన్న మంచి ఉపాయం మీకు తెలిస్తే నాకొక ఉత్తరం రాయండి.

ఈ పురుగు టీవీ చూసి పట్టుకున్నదే. 2017 తరవాత ఆగిపోయిన హాకీ ఇండియా లీగు 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది గదా. దానికి ముందు ఆటగాళ్లను వేలం వేశారు. హర్మన్‌ప్రీత్ సింగ్‌ను 78 లక్షలకు పాడుకున్నారు. అయితే పురుషుల జట్టు ఏదైనా సరే, మొత్తం మీద 4 కోట్లు దాటి పాడకూడదని హద్దు పెట్టారు. పిల్లలకు వేలం నచ్చింది, హద్దు నచ్చలేదు. హద్దు నచ్చకపోవడం ఆ వయసు లక్షణం. నా వయసులోనూ నచ్చలేదన్నది తరవాత చెబుతాను.

ఆట పద్ధతి ఇది. ఊహలో పుట్టిన వందమంది ఆటగాళ్లకు పదికి ఇన్ని అని మార్కులు. తలా ఒక కోటితో మొదలుపెట్టి వేలంలో జట్టు కట్టుకోవాలి. మన ముందువరస మార్కుల్లోంచి ఎదుటి జట్టు వెనకవరస మార్కులూ గోలీ మార్కులూ తీసేసి, పాచిక వేసి, గోల్స్ లెక్కకట్టాలి. ట్రెజరీలో ముప్ఫయ్యేళ్లు పనిచేసిన వాణ్ణి కనుక ఖజానా నాకప్పగించారు. కొత్త అధికారం వచ్చినవాడు ఊరుకుంటాడా? గెలిచిన జట్టుకు ఆటకు 5 లక్షలు బహుమతి అని ఉత్తరువు వేశాను. కష్టానికి ఫలం ఉండవద్దూ అని నా వాదన.

వారం తిరక్కుండా ఫలం కనిపించింది. మొదటి రెండాటలు అదృష్టం కొద్దీ గెలిచిన మా మనవడు ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లను కొన్నాడు. మంచి ఆటగాళ్లతో మళ్లీ గెలిచాడు. మళ్లీ కొన్నాడు. మా వీధి టైలరుగారమ్మాయి మీద 11-0తో నెగ్గిన రోజు ఇల్లెగిరిపోయేలా కేకలు వేశాడు. ఆ పిల్ల పొద్దున్నే ఆర్.డి.టి. వారి క్రీడాగ్రామానికి వెళ్లి నిజం కర్రతో హాకీ నేర్చుకుంటుంది. అక్కణ్ణించి వచ్చేసరికి వేలం ముగిసి, ఆమెకు మిగిలినవాళ్లే దక్కారు.

నేను ఊరుకోక, "పదకొండు ఒక లెక్కా! 1932లో లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు అమెరికాను 24-1తో ఓడించారు. వచ్చినవే మూడు జట్లు. ఆడిన రెండాటలూ ఓడిపోయి కూడా అమెరికాకు కంచుపతకం వచ్చింది," అని గొప్పగా చెప్పాను.

ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది: "వాళ్లు మళ్లా ఆడేదానికి వచ్చినారా తాతా?"

"రాకేం? 1936లో బెర్లిన్‌కు వచ్చి 7-0తో ఓడారు. 1956లో మెల్‌బోర్న్‌కు వచ్చి 16-0తో ఓడారు."

ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. మర్నాడు మాత్రం రాలేదు. మెట్లకింద చెప్పులు ఐదు జతలే ఉన్నాయి. ఆ మూడోనాటికి నాలుగు జతలు.

మా మనవడు గెలుస్తూనే ఉన్నాడు, కాని కేకలు తగ్గాయి. ఏం తోచలేదో ఏమో, ఒకనాడు తనే రెండు జట్ల తరఫునా పాచికలు వేసుకుంటూ కనిపించాడు. నాకు మనసు చివుక్కుమని టైలరు దుకాణానికి వెళ్లాను. ఆ అమ్మాయి గుండీలు కుడుతోంది.

"ఓడిపోయినానని కాదు తాతా. ఎట్లా ఆడినా ఓడిపోతానని ముందే తెలిస్తే ఇంక పాచిక ఎందుకు?" అంది.

ట్రెజరీ బుర్రకు జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను. ఆమె అప్పడాలకర్ర ఆపకుండానే అన్నది: "పైమడి వానికే ముందు నీళ్లిస్తే కిందికి చుక్క దిగుతుందా? కరువేడు మా ఊరి చెరువుకింద నీరుగంటి ఏం చేస్తాండె? చివరిమడి నుంచి కట్టుకొస్తాండె. పైవాడు ఎట్లయినా తాగుతాడులెమ్మని."

అనంతసాగరం చెరువు పేరు మీద వెలసిన ఊళ్లో ఉంటూ ఆ సంగతి నాకు తట్టలేదు చూశారా! మర్నాడే మూడు ఉత్తరువులు మార్చాను. గెలిస్తే డబ్బు లేదు, మెరుగుపెట్టిన ఇత్తడి చెంబే కప్పు. ప్రతి విడతా అందరికీ అదే కోటి. కొత్త ఆటగాళ్లు వస్తే అట్టడుగు జట్టుకు మొదటి వంతు. టైలరుగారమ్మాయికి కబురంపాను. వచ్చింది.

అంతటితో కథ సుఖాంతమైతే ఇంకేం! లాయరుగారబ్బాయి మూడోవాడుగా ఉండి చివరి నాలుగాటలు వరసగా ఓడాడు. వెనకవరసలో మొద్దుల్ని నిలబెట్టి మరీ ఓడాడు. మొదటి వంతు కోసమని తరవాత బయటపడింది. బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోనులో ఒకటే నవ్వు. అమెరికా, కెనడాల్లో మంచుమీద ఆడే పెద్ద హాకీ లీగులోనూ ఈ జబ్బు ఉందట. మందుగా 1995లో వెనకబడిన జట్ల మధ్య లాటరీ పెట్టారట. ఖర్చుకు హద్దు పెట్టే తగాదాలోనైతే 2004-05లో ఏడాది పొడుగునా ఆటలే జరగలేదట. మా వసారా కలహాలకు అంత పరువుందని నాకేం తెలుసు? మేమూ అడుగు మూడు జట్లకూ చీట్లు వేశాం.

ఇక డబ్బు సమానమయ్యేసరికి తెలివి బయటపడింది. మా మనవడు పేరున్న ముందువరసవాళ్ల మీదే కోటిలో ముప్పాతిక పోశాడు. ఆ అమ్మాయి మొట్టమొదట గోలీని పాడింది, తరవాత ఇద్దరు వెనకవరసవాళ్లను, ఆనక అయిదేసి మార్కుల చవక కుర్రాళ్లను. "గోలీ గురించి ఎవరూ పాడరు తాతా, అందుకే చవక," అంది. భారత జట్టుకు గోల్‌కీపరుగా ఆడిన రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయేనని నాకు చెప్పిందీ ఆ పిల్లే.

ఆఖరి వారం ఆమె జట్టు మా మనవణ్ణి 3-2తో ఓడించింది. కప్పు ఆమెకు రాలేదు లెండి, నాలుగో స్థానమే. మావాడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. బెంగపడి పొద్దున్నే లేచి చూద్దును గదా, వసారాలో నోటుపుస్తకం ముందేసుకుని, ఈసారి గోలీకి ఎంత పెట్టవచ్చునా అని లెక్కలు కడుతున్నాడు.

పది గంటలకు మెట్లకింద ఆరు జతల చెప్పులున్నాయి. ఇత్తడి చెంబు ఎప్పుడిస్తారని మా ఆవిడ అడుగుతోంది.