స్క్రూ బిగిస్తే తీరే రోగం కాదు

పాత లారీ స్టీరింగ్‌లో లూజు ఎక్కువైందనగానే షెడ్డులో ముందు జరిగే పని, స్టీరింగ్ బాక్స్ మీది అడ్జస్టింగ్ స్క్రూను కాస్త బిగించడం. నిమిషాల్లో అయిపోతుంది, ఖర్చూ లేదు. డ్రైవరు ఒకసారి తిప్పి చూసి బాగుందంటాడు, బండి కిరాయికి వెళ్లిపోతుంది. మార్కాపురం పలకల గనుల దగ్గర రాయి మోసే బళ్లకైనా, గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ దాటి నంద్యాల వైపు దిగే బళ్లకైనా ఈ చిట్కా వైద్యం ప్రమాదమే. బాక్స్ విప్పి చూడకుండా స్క్రూ జోలికి వెళ్లకూడదు. విప్పాక బాగుచేయాలో, కొత్తది వేయాలో తేల్చాల్సింది ధర కాదు, లోపలి అరుగుదల.

కారణం బాక్స్ లోపలే ఉంది. పాత లారీల్లో ఎక్కువగా కనిపించే రకంలో స్టీరింగ్ రాడ్డు కింద మరలాంటి వార్మ్ ఉంటుంది, దాని మీద నట్ నడుస్తుంది, రెంటి మధ్య ఉక్కు బాల్స్ దొర్లుతాయి. నట్ పళ్లు సెక్టర్ షాఫ్ట్‌ను తిప్పితే, దానికి బిగించిన డ్రాప్ ఆర్మ్ డ్రాగ్ లింక్‌ను తోస్తుంది. బండి ఎక్కువ కాలం నడిచేది నేరు రోడ్డు మీదే కనుక నడిమి పళ్లు ముందు అరుగుతాయి, చివరి పళ్లు దాదాపు కొత్తవాటిలాగే మిగులుతాయి. నడిమి లూజు పోయేదాకా స్క్రూ బిగిస్తే అరగని పళ్లు మలుపులో పట్టేస్తాయి. అనంతపురం-గుంటూరు రహదారి మీద కంభం దగ్గర నేరుగా పోయేటప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది. ఘాట్‌లో వరస మలుపులు వచ్చినప్పుడు మాత్రం స్టీరింగ్ తనంతట తాను వెనక్కి తిరగదు. డ్రైవరు బలవంతాన లాగేలోపు లోడు బండి ఎదుటి వాహనం దారిలోకి వెళ్లిపోతుంది.

లూజు ప్రతిసారీ బాక్స్‌దే కానక్కర్లేదు. కింగ్ పిన్ను బుష్షులు, టైరాడ్ ఎండ్లు, కమాన్ పిన్నులు, వదులైన యూ బోల్టులు, ఏది అరిగినా చేతికి తెలిసేది ఒకటే. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒకరు క్యాబిన్‌లో స్టీరింగ్‌ను అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే, ఇంకొకరు కింద డ్రాప్ ఆర్మ్‌ను చూడాలి. స్టీరింగ్ కదిలినా ఆర్మ్ కదలకపోతే లోపం బాక్స్‌లోనో దాని పైనున్న జాయింటులోనో ఉంది. ఆర్మ్ కదిలినా చక్రం కదలకపోతే బాక్స్ అవతల వెతకాలి. బాక్స్ విప్పాక బేరింగులు, బుష్షులు, సీళ్లు మాత్రమే పోయి ఉంటే అవి మార్చి పాత బాక్స్‌నే నడపొచ్చు. వార్మ్ గాడి గుంటలు పడినా, సెక్టర్ పళ్లు మెట్టు దిగినా, బాడీ పగిలినా కొత్తది వేయాల్సిందే. సెక్టర్ షాఫ్ట్‌కు గానీ డ్రాప్ ఆర్మ్‌కు గానీ వెల్డింగ్ అతుకు పనికిరాదు.

ఖర్చు సంగతేమిటని ఓనరు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. 2022 ఏప్రిల్‌లోనే పదిహేనేళ్లు దాటిన భారీ లారీకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రెన్యువల్ ఫీజే రూ.12,500 అయింది. ఒక్క లారీ మీద బతికే కుటుంబానికి బాక్స్ విప్పదీయడమంటే మెకానిక్ కూలీతో పాటు కిరాయి కూడా పోవడమే. కానీ పైన చెప్పిన పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. అనవసరంగా కొత్త బాక్స్ కొనకుండా ఆపేదీ అదే. పాత బండి అలవాటైన చెయ్యికి లూజు లెక్క కాదని ఇంకొందరంటారు. లూజు కొద్దికొద్దిగా పెరుగుతుంది కనుకే రోజూ నడిపేవాడికి అది తెలియదు, రాత్రి అదే బండి ఎక్కిన రెండో డ్రైవరుకు ఆ అలవాటు ఉండదు. సెకండ్‌హ్యాండ్ పవర్ స్టీరింగ్ వేయిస్తే సరిపోతుందన్న వాదనా ఉంది. దానికి ఇంజిన్‌తో తిరిగే పంపు, ఆయిల్ ట్యాంకు, పైపులు, సరైన బ్రాకెట్లు కావాలి. పైగా అది చేతి బరువు తగ్గిస్తుందే తప్ప అరిగిన జాయింట్లను బాగుచేయదు.

లూజు విషయంలో చట్టమూ ఉదారంగానే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం ప్రకారం స్టీరింగ్‌లో లూజు 30 డిగ్రీలు దాటకూడదు. అర మీటరు వ్యాసమున్న స్టీరింగ్ అంచు మీద 30 డిగ్రీలంటే సుమారు 13 సెంటీమీటర్లు. అంత దూరం తిప్పినా చక్రం కదలకపోవచ్చన్నమాట. ఇది ఆఖరి హద్దు, ఘాట్‌లో లోడుతో దిగే బండికి భరోసా కాదు. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఎఫ్‌సీ తప్పదు కనుక, తనిఖీ చేసేవారు ఆ రోజు లూజు ఎన్ని డిగ్రీలుందో కొలిచి కాగితం మీద రాయాలి. నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె కనబడితే, ఎంత వేగంగా అరుగుతోందో ఓనరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మెకానిక్ కూడా విప్పి తీసిన పాత సామాను ఓనరు చేతికివ్వాలి. స్క్రూ ఒక్కటి బిగించి పంపిన బండిని రిపేరైన బండిగా లెక్క రాయడం ఇకనైనా ఆగాలి.