స్క్రూ తిప్పే ముందు

ఆటో అయినా, పడవ మోటారైనా, రెండు స్ట్రోకుల ఇంజను పొగ కక్కితే చాలామంది వెంటనే కార్బురేటరు స్క్రూ తిప్పుతారు. ముందు ఇంధనం చూడాలని నా అభిప్రాయం. ఇందులో పెట్రోలుతోపాటు ఆయిలూ మండుతుంది. ఆయిలు ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది; తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. కోల్‌కతా ఆటోల్లో ‘కాటా తేల్’ అనే కల్తీ ఇంధనం వాడేవారు. దానికి ట్యూనింగు మందు కాదు. పైగా కొంత మిశ్రమం మండకుండానే పొగగొట్టంలోంచి పోతుంది. ఇది నిర్మాణంలోని లోపం. కాబట్టి ఈ ఆటోలను తొలగించాలని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించడం సబబే. అయితే కొత్త ఆటో అప్పు డ్రైవరుపై మోపి, కల్తీ అమ్మినవారిని వదిలేస్తే ఆ న్యాయం సగమే. మీరేమంటారు? ఆలోచించండి.