డీజిల్ తాగే ఎద్దులు

మొన్న జుమా నమాజ్ అయ్యాక మా మామూ టీవీఎస్ ఎక్సెల్ తాళంచెవి నా చేతిలో పెట్టారు. "ఎవరికైనా అమ్మిపెట్టు బేటా. ఇక బస్" అన్నారు.

మామూ నాల్‌బంద్. ఎడ్లకు నాడాలు కొట్టే పని. చిలకలూరిపేటలో ఇల్లు. వెనక సీటు మీద గోనెసంచి, అందులో సుత్తి, పట్టకారు, గిట్టలు చెక్కే ఉలి, మేకుల డబ్బా, చుట్టిన తాడు. ఫజర్ చదివి బయల్దేరితే మార్టూరు, ఇంకొల్లు, పర్చూరు, అద్దంకి వైపు ఊళ్ళన్నీ తిరిగి మగ్రిబ్‌కు ఇల్లు చేరేవారు. ఉర్దూ బడిలో నేను 'నాల్' అని రాసింది, పొలం గట్టు మీద రైతు 'నాడా' అని అడిగింది ఒకటేనని నాకు తెలిసింది ఆ గోనెసంచి చూశాకే.

ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. అందుకే కాలికి రెండు బిళ్ళలు, ఎద్దుకు ఎనిమిది, జతకు పదహారు. ఎద్దును తాడుతో పడేసి, నాలుగు కాళ్ళూ కట్టి, మేకు మాంసానికి తగలకుండా కొట్టాలి. ఒక్క మేకు తప్పితే ఎద్దు కుంటుతుంది, రైతు మళ్ళీ పిలవడు. మా వైపు ఈ హునర్ తరతరాలుగా ముస్లిం ఇళ్ళలో ఉంది. మీలో చాలామందికి దాదానో నానానో గుర్తొస్తూ ఉంటారు.

"ఎందుకు మామూ?" అన్నాను. "2022 ఏప్రిల్‌లో పెట్రోలు నూట ఇరవైకి పోయినప్పుడే అనుకున్నాను. ఊరికి పది జతలుంటే తిరగొచ్చు. మూడు ఊళ్ళకు ఒక జత ఉంటే ఏం తిరగను? రోజీ అంతా బండి తాగేస్తోంది."

ఆ మూడు ఊళ్ళకు ఒక జత కథే ఈసారి చెప్పాలనుకుంటున్నాను.

ట్రాక్టర్ వచ్చాక అరక ఎద్దు పోయింది. పత్తి చేలో, మిరప తోటలో పాటు చేయడానికి అక్కడక్కడా మిగిలింది. నిజంగా ప్రాణంగా పెంచేవాళ్ళు మాత్రం బండలాగుడు పందేలవాళ్ళే. శివరాత్రికి, ఉగాదికి, సంక్రాంతికి, తిరునాళ్ళకు ఎక్కడో ఒకచోట బండ కదులుతూనే ఉంటుంది. మా వైపు ఉరుసులకు పందెం పెట్టే ఊళ్ళూ ఉన్నాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్స్, సీనియర్స్. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత. గట్టు మీద నిలబడి కేక వేసేవాళ్ళలో హిందువెవరు, ముస్లిమెవరు అని అడిగేవాడు ఉండడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. టన్నుల బండను లాగే ఎద్దు పందెం దగ్గరికి తన కాళ్ళ మీద వెళ్ళదు. ఒకప్పుడు ముందురోజే తోలుకుని నడిపించి తీసుకెళ్ళేవాళ్ళు. అప్పుడు పందెం అంటే చుట్టుపక్కల ఊళ్ళదే. ఇప్పుడు ఒంగోలు జత గుడివాడకు పోవాలి, మాచర్లకు పోవాలి, తెలంగాణకూ పోవాలి. వ్యాను ఎక్కాల్సిందే. ఎద్దును పొలం నుంచి తరిమింది డీజిలే. పందెం దాకా మోసుకెళ్ళేదీ డీజిలే.

ఆ డీజిల్ ఏం చేసిందో చూడండి. 2020 మే నెలలో ప్రపంచమంతా క్రూడాయిల్ అగ్గువగా ఉన్నప్పుడు కేంద్రం ఒక్క రాత్రిలో డీజిల్ మీద 13 రూపాయలు, పెట్రోలు మీద 10 రూపాయలు సుంకం వేసింది. చౌక మన దాకా రాలేదు. 2021 దీపావళికి కొంత తగ్గించారు. ఐదు రాష్ట్రాల ఎన్నికలు అయ్యేదాకా ధర కదల్లేదు. 2022 మార్చి 22న మొదలుపెట్టి ఏప్రిల్ 6 దాకా, 16 రోజుల్లో 14 సార్లు పెంచి, లీటరుకు 10 రూపాయలు ఎక్కించారు. మధ్యలో ఏప్రిల్ 2 ఉగాది, 3న మన మొదటి రోజా. పందేల సీజనూ, రంజాన్ ఖర్చూ ఒకేసారి. మే 21న సుంకం మళ్ళీ కొంత తగ్గించారు గానీ అప్పటికి ఉగాది పందేలు అయిపోయాయి.

రాష్ట్రం సంగతి వేరే. మన ఆంధ్రలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. శాతం లెక్క కాబట్టి ధర పెరిగినకొద్దీ రాష్ట్రం వాటా కూడా దానంతటదే పెరుగుతుంది. కర్ణాటక సరిహద్దులో మనవాళ్ళు అటు వెళ్ళి ట్యాంకు నింపుకొస్తున్నది ఊరికే కాదు.

ఇప్పుడు ఇమాన్‌దారీగా హిసాబ్ వేద్దాం. చిలకలూరిపేట నుంచి గుడివాడ రానూ పోనూ 250 కిలోమీటర్లు అనుకోండి. ఎద్దులెక్కిన పికప్ లీటరుకు 10 ఇస్తే 25 లీటర్లు. పది రూపాయల పెంపు అంటే ట్రిప్పుకు 250 రూపాయలు. "ఇంతేనా, దీనికి పందెం మానేస్తారా?" అంటారు. నేనూ అదే అన్నాను. మామూ నవ్వారు. "నీది అఖ్బారు లెక్క. వ్యానువాడు లీటర్లు లెక్కేసి అడుగుతాడా? పెరిగినరోజే కిరాయి పెంచుతాడు. తగ్గినప్పుడు చూద్దాంలే అంటాడు."

నిజమే. పైగా డీజిల్ ఒక్క వ్యానులోంచే రాదు. జొన్న చొప్ప, వరిగడ్డి లారీ మీద వస్తాయి. ఉలవలూ అంతే. పొలం దున్నే ట్రాక్టర్ కిరాయి పెరుగుతుంది. జతతో పాటు వచ్చే నలుగురి తిండి పెరుగుతుంది. పందెం ఒక్కరోజుది, మేత 365 రోజులది. ఓడిన జత కూడా గెలిచిన జతంతే తింటుంది.

ఇంకొల్లు వైపు ఒక రైతు ఉన్నాడు. మామూకు ఇరవై ఏళ్ళ గిరాకీ. ఐదెకరాల మిరప. ఆ ఏడు నల్ల తామరపురుగు పూతనంతా తినేసింది. గుంటూరు యార్డులో అప్పుడు రేటు బాగానే ఉండేది, ఆయన దగ్గర కాయ లేదు. అయినా ఉగాదికి తన నాలుగు పళ్ళ జతను రెండు పందేలకు తీసుకెళ్ళాడు. ఒకదానిలో ఏమీ రాలేదు, ఇంకోదానిలో చివరి బహుమతి. కిరాయికి కూడా చాల్లేదు. మే నెలలో జతను అమ్మేశాడు. కొన్నది ఒక కాంట్రాక్టరు. ఆయనకు ఇలాంటివి నాలుగు జతలు, సొంత వ్యాను, జీతానికి మనుషులు.

నా బాధ ఇదే. డీజిల్ పెరిగితే పందేలు ఆగవు. బహుమతులు ఇంకా పెద్దవవుతాయి, మైకులు ఇంకా గట్టిగా మోగుతాయి. ఆగిపోయేది చిన్న రైతు. ఆయనతో పాటు ఆ జతకు గిట్టలు చెక్కే నాల్‌బంద్, వ్యాను తోలే మన కుర్రాడు, పలుపులూ పగ్గాలూ పేనేవాడు. డబ్బున్నవాళ్ళ చేతిలో ఆట బతుకుతుంది, చుట్టూ ఉన్న రోజీ బతకదు.

"అదంతా షౌఖ్ కదా, షౌఖ్‌కు సర్కారు ఎందుకు రాయితీ ఇవ్వాలి?" అని నా ఫుప్పీ కొడుకు ఫోన్లో అడిగాడు. వాడు అమెరికాలో ఉంటాడు. వాడి పక్కింటి ఆవిడ తన కుక్కను పరుగు పోటీలకు వందల మైళ్ళు తిప్పేదట. 2022 జూన్‌లో అక్కడ పెట్రోలు గ్యాలన్‌కు 5 డాలర్లు దాటేసరికి దగ్గర పోటీలకు మాత్రమే వెళ్తోందట. "సర్దుకుంది, అంతే" అన్నాడు. కుక్క ఆమె ఇంట్లో ఎప్పటిలాగే సోఫా మీద ఉంది. మన రైతుకు ఆ వెసులుబాటు లేదు. పందెం మానిన ఎద్దుకు పొలంలో పని లేదు. పని లేని ఎద్దు సంతకు పోతుంది. అక్కడినుంచి ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒంగోలు జాతి పేరు చెప్పి మనం గర్వపడతాం. కరవది నుంచి 1960లలో బ్రెజిల్ వెళ్ళిన ఎద్దు వంశం అక్కడ ఎంత పెరిగిందో చెప్పుకుంటాం. అక్కడ నెలోర్ పేరుతో మందలకు మందలున్నాయి. ఇక్కడ లాంఫారంలో సర్కారు కాపాడుతున్నవి కొన్ని. మిగతా జాతిని నిలబెడుతున్నది రైతు షౌఖే. కోడెదూడకు ధర పలికేది అది ఒకరోజు బండ లాగుతుందన్న ఆశతోనే.

పందేల్లో కొరడా దెబ్బలు నేనూ చూశాను. నోరులేని జానవర్ మీద జుల్మ్ చేస్తే జవాబు చెప్పుకోవాలని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆ దెబ్బలు ఆగాలి. కానీ ఎద్దును రోజూ తన చేత్తో కడిగేవాడు దాన్ని ఎలా చూస్తాడో, జీతగాళ్ళకు అప్పగించి పందెం రోజు వచ్చేవాడు ఎలా చూస్తాడో పక్కపక్కన పెట్టి చూడండి. చిన్న రైతు తప్పుకుంటే జుల్మ్ తగ్గుతుందని నేను నమ్మను.

రాష్ట్రం ఆ నాలుగు రూపాయలైనా తీసేయాలి. అది ఎద్దులవాళ్ళకే కాదు, అందరికీ ఇన్సాఫ్. పందెం కమిటీలు చేయగలిగింది దానికంటే సులువు. మొదటి బహుమతి కొంచెం తగ్గించి, వచ్చిన ప్రతి జతకూ దూరాన్ని బట్టి కిరాయి ఇవ్వండి. నాలుగు మండలాల జతలకే ఒక విభాగం పెట్టండి. పక్కపక్క ఊళ్ళ పందేలు వరుస రోజుల్లో పెట్టుకోండి, ఒక ట్రిప్పులో రెండు అయిపోతాయి. ఉరుసు కమిటీల్లో మనవాళ్ళున్నారు. మొదలు మన దగ్గర నుంచే కావచ్చు.

తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది. అమ్మకానికి పెట్టలేదు. నిన్న మామూ ఫోన్ చేశారు. కొనేవాడు దొరికాడా అని అడుగుతారనుకున్నాను. "బండి ఒకసారి కావాలి బేటా. మార్టూరులో ఒక ఎద్దు కుంటుతోందంట" అన్నారు. పెట్రోలు పోయించి ఇచ్చి వచ్చాను.