దండ వేశాక చదవవలసిన కవి

ఏటా సెప్టెంబర్ 28న గుర్రం జాషువా విగ్రహాలకు పూలదండలు పడతాయి. ఆ సభల్లో నేనూ మాట్లాడుతుంటాను. ఒకసారి సభ ముగిశాక ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు: 'ప్రతిమల పూజను నిలదీసిన కవికి మనం చేస్తున్నది పూజ కాదా సార్?'

1895లో వినుకొండలో పుట్టిన జాషువా కాదన్నది దైవాన్ని కాదు, దేవుణ్ణి గోడల మధ్య ఉంచి మనిషిని వాకిట ఆపిన వ్యవస్థను. 1941 నాటి 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు తన గోడును కాశీలోని శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయితే, ఇతడికి మిగిలింది లోకం అపశకునంగా చూసే జీవి. గబ్బిలానికి గర్భగుడిలోకి దారి ఉంది, మనిషికి లేదు. ఆ ఒక్క ఊహతోనే అంటరానితనపు డొల్లతనం బయటపడింది. ప్రతిమల కల్యాణాలకు వేలు ధారపోసే చేయి ఆకలిగొన్నవాడి ముందు ముడుచుకుపోవడాన్నీ ఆ కావ్యం ఎత్తిచూపింది.

కీర్తి విషయంలోనూ ఆయన తూకం ఇదే. రాజుల స్మృతి శిలలను ఆశ్రయిస్తుందనీ, కవి బతికేది జనం నోటనేననీ ఆయన నమ్మారు. మాట తప్పిన సుల్తాను కంటే మోసపోయిన కవిని ఉన్నతుడిగా నిలపడానికే 'ఫిరదౌసి' రాశారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలుగా ఆయన కవిత్వం పల్లెపల్లెకూ చేరింది. చదువు రానివారూ దాన్ని కంఠస్థం చేశారు. కులం పేరిట ఆయనను అవమానించిన పండితులను నేడు తలిచేదెవరు?

అలాగని విగ్రహాలే వద్దనను. ఊరి నడుమ నిలబడనివ్వని చోట లేచిన అంబేడ్కర్ విగ్రహం ఒక హక్కు ప్రకటన. దాన్ని ధ్వంసం చేసేవారికీ ఆ సంగతి తెలుసు. అయితే, రాజకీయాల్లో భక్తి పతనానికి దారితీస్తుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించినదీ అంబేడ్కరే.

జాషువా పుట్టిన గుంటూరు జిల్లాలోనే, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. కింది కోర్టు శిక్షించినవారందరినీ 2014లో హైకోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. అరుంధతీసుతుడి విన్నపం చేరవలసిన చోటికి ఇంకా చేరలేదని చెప్పడానికి వేరే సాక్ష్యం అవసరమా?

ఇందులో మా అధ్యాపకుల తప్పూ ఉంది. 'గబ్బిలం'పై ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు ఛందస్సు అడుగుతాం, అలంకారం అడుగుతాం, కులం ఊసెత్తం. కావ్యాన్ని పదునులేని వస్తువుగా మార్చడం కూడా విగ్రహం చేయడమే.

ఆ విద్యార్థికి నాడు ఇవ్వలేని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. దండ వేద్దాం. తర్వాత అక్కడే కూర్చుని 'గబ్బిలం' బిగ్గరగా చదువుదాం. మన ఊరి గుడి వాకిట నేటికీ ఎవరు ఆగిపోతున్నారో అందరూ వినేలా అడుగుదాం.