బెల్టుకూ వయస్సున్నది

సాల్ట్ లేక్‌లో నివసించే సహోద్యోగులు కొందరు కారును ఆదివారము మాత్రమే బయటకు తీస్తారు. ‘ఎక్కువ తిరగలేదు కదా, టైమింగ్ బెల్టు మార్చడమెందుకు?’ అని మమ్ము అడుగుతారు. పాత అంబాసిడర్ 1489 సి.సి. ఇంజనులో ఉన్నది ఉక్కు చెయిను. 1994లో వచ్చిన నాలుగు సిలిండర్ల మారుతి ఎస్టీమ్‌లో ఉన్నది రబ్బరు బెల్టు. కారు కదలకున్నా రబ్బరుకు వయస్సు మీరుతుంది. నడకలో అది తెగితే, కొన్ని ఇంజనులలో పిస్టన్లు వాల్వులను ఢీకొని వంచివేస్తాయి.

కనుక తయారీదారు చెప్పిన కిలోమీటర్లు, సంవత్సరములు, వీటిలో ఏ గడువు ముందు వస్తే అప్పుడే మార్పించవలెను. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుచేత క్రొత్త బెల్టు బిగించిన పిమ్మట క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పించి, పళ్లచక్రముల గుర్తులు మరల సరిగా కలిశాయని చూచిన తరువాతనే స్టార్టు చేయించుకొనవలెనని మా మనవి.